సంత రోజు మాత్ర

"డాక్టరు గారూ, ఇది క్యాన్సర్ మందంట కదా?"

కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ రాసిన ప్రతి చీటీ వెంటా ఈ ప్రశ్న వస్తుంది. కొందరు పైకి అడుగుతారు. కొందరు అడగరు, మాత్రలు బీరువాలో పెట్టేసి ఊరుకుంటారు. నాకు దిగులు ఆ రెండో రకం వాళ్ల గురించే.

అడిగినవాళ్లకు "అవును" అనే చెబుతాను. "అబ్బే, అదేం లేదమ్మా" అని దాటేస్తే, సాయంత్రానికి కొడుకు ఫోన్లో చూసి అసలు సంగతి చెబుతాడు. ఇక నేను చెప్పే ఏ మాటా నిలవదు. అవును, రక్త క్యాన్సర్‌కు వాడే మందే. అక్కడ ఒక్కోసారి ఒకే విడతలో వేల మిల్లీగ్రాములు ఎక్కిస్తారు. కీళ్లకు ఇచ్చేది వారం మొత్తానికి 7.5 నుంచి 25 మిల్లీగ్రాములు. మన ఒంటి రక్షణ వ్యవస్థ దారితప్పి మన కీళ్ల మీదే పడుతుంటే, దాన్ని నెమ్మదింపజేయడానికి ఆ కొంచెం చాలు.

తర్వాత ఒక పేరు చెబుతాను: భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపించిన బృందం 1940లలో ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. ఆ ఫోలిక్ యాసిడ్‌కు అడ్డుపడే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ కూడా అక్కడి నుంచే వచ్చాయి. ఆయన 1948లో పోయారు. ఈ కోవ మందు కీళ్లవాతానికీ పనికొస్తుందన్న తొలి కబురు 1951లో గానీ రాలేదు. కీళ్లవాతానికి అమెరికా దీన్ని అధికారికంగా ఒప్పుకున్నది 1988లో. చీటీలో నేను రాసే రెండు మాత్రలూ, అంటే మెథోట్రెక్సేటూ, దాని దుష్ప్రభావాలు తగ్గించే ఫోలిక్ యాసిడూ, ఆయన పనికి రుణపడినవే. భీమవరం పేరు వినగానే భయం పోతుందని అనను. కానీ మనిషి కాస్త కుదురుకుని వింటారు. నాకు కావలసింది ఆ వినడమే, ఎందుకంటే అసలు మాట ఇంకా చెప్పలేదు.

ఈ మాత్ర వారానికి ఒక్కరోజే.

బీపీకి, షుగర్‌కి రోజూ మాత్ర వేసుకునే అలవాటున్న ఇళ్లలో ఈ ఒక్క ముక్క జారిపోతుంది. పైగా రెండు మాత్రలూ చాలాసార్లు పసుపు రంగులోనే ఉంటాయి. ఫోలిక్ యాసిడ్ అనుకుని మెథోట్రెక్సేట్ రోజూ మింగితే నోరంతా పూస్తుంది, రక్తకణాలు పడిపోతాయి. ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. అందుకే చీటీ మీద "వారానికోసారి" అని రాసి ఊరుకోను. ఏ రోజో వాళ్లనే చెప్పమంటాను. "శనివారం, వెంకటేశ్వరస్వామి రోజు" అంటారు కొందరు. ఒకావిడ "మంగళవారమండీ, మా ఊరి సంత" అంది. అంతకంటే మంచి గుర్తు ఇంకేం కావాలి? చీటీ మీద పెద్ద తెలుగు అక్షరాలతో "మంగళవారం మాత్రమే" అని రాశాను. ఫోలిక్ యాసిడ్ వేరే రోజుకు. చివర్లో "ఇప్పుడు మీరు నాకు చెప్పండి" అంటాను. తిరిగి అప్పజెప్పేదాకా లేవనివ్వను. బయట వరస పెరుగుతుంటుంది, పెరగనివ్వండి.

"నెల దాటింది, నొప్పి తగ్గలేదు. ఇంకెన్నాళ్లు?" ఇది తర్వాతి ప్రశ్న. ఈ మందు గుణం కనిపించడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. అందాకా తట్టుకోవడానికి ఇచ్చే స్టెరాయిడ్ రెండు రోజుల్లోనే హాయినిస్తుంది. చిక్కంతా అక్కడే. హాయినిచ్చినది ఉంచుకుని, ఆలస్యమయ్యేది పారేస్తారు. 1948లో మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ కార్టిజోన్ ఇస్తే, కదలలేని ఒక స్త్రీ రోజుల్లోనే లేచి నడిచింది. 1950లో ఆయనకు నోబెల్ వచ్చింది. ముఖం ఉబ్బడం, ఎముకలు గుల్లబారడం, షుగర్ పెరగడం ఆ వెనకే తెలిసొచ్చాయి. పేరు లేని పొట్లాల మందుతో "ఒక్క వారంలో లేచి తిరిగాను" అని ఎవరైనా అంటే, అందులో స్టెరాయిడ్ కలిసిందేమోనని నాకు అనుమానం. ఆ పొట్లాలు కూడా ఉన్నపళంగా ఆపొద్దు, ముందు తెచ్చి చూపించమంటాను.

జీవితాంతం వాడాలా అంటే, కొందరికి తగ్గించగలం, పూర్తిగా ఆపితే చాలామందికి తిరగబెడుతుంది అని ఉన్నదున్నట్టు చెబుతాను. వంకాయ, గోంగూర తినొచ్చా? తినండి. మద్యం దగ్గర మాత్రం నేను మెత్తబడను. ఇది కాలేయం సంగతి, రక్తపరీక్షలు మానకూడదనేదీ అందుకే.

కొన్ని ప్రశ్నలు పెదవి దాటవు. పక్కన అత్తగారు కూర్చుని ఉంటే కొత్త కోడలు ఏం అడుగుతుంది? అందుకే పరీక్ష చేయాలని చెప్పి కాసేపు అందర్నీ బయటికి పంపుతాను. అప్పుడు గొంతు పెగులుతుంది: "నాకు పిల్లలు పుడతారా?" పుడతారమ్మా. మెథోట్రెక్సేట్ వాడుతుండగా మాత్రం గర్భం రాకూడదు, బిడ్డకు అవకరాలు రావచ్చు. అందుకని పిల్లలు కావాలనుకున్నప్పుడు కనీసం మూడు నెలల ముందే నాతో చెప్పాలి. ఆ మందు ఆపి, గర్భంలోనూ వాడదగిన హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫాసలజీన్ లాంటివి ఇస్తాను. నెల తప్పిందని అనుమానం వస్తే ఆ వారం మాత్ర వేసుకోకుండా ఆ రోజే ఫోన్ చెయ్యి, సంత రోజైనా సరే.