మొనకో పేరు

విల్లుకి పేర్లున్నాయి: పినాకం, శార్ఙ్గం, గాండీవం. బాణపు కర్రకి మాత్రం ఎవరూ పేరు పెట్టరు. అది విరుగుతుంది, వంకరపోతుంది, కంపల్లో పడి కనబడకుండా పోతుంది. పేరంటూ పెడితే మొనకే పెట్టాలి. ఈ మధ్య నాకిదే పనైంది.

మా మేనల్లుడు అమెరికాలో ఉంటాడు. పగలు కంప్యూటర్ ఉద్యోగం, సెలవొస్తే విల్లంబుల పిచ్చి. ఆసియా క్రీడల్లో మన జ్యోతి సురేఖ పట్టుకున్న చక్రాల కాంపౌండ్ విల్లు కాదు వీడిది. కర్రతో చేసిన పాతకాలపు విల్లు. గురి చూసుకోవడానికి దాని మీద ఏ పరికరమూ ఉండదు, కన్నూ చెయ్యీ తప్ప. అక్కడ లైసెన్సు తీసుకుని, కాలం ప్రకారం జింకల వేటకి పోవచ్చు. దానికి వాడే మొనని బ్రాడ్‌హెడ్ అంటారు. స్నేహితులతో కలిసి షెడ్డులో ఒక కొత్త బ్రాడ్‌హెడ్ తయారుచేశాడు, అమ్మకానికి పెడతాడట. ముండ్లమూరులో కూర్చున్న నాకు ఫోన్ చేశాడు.

"మామయ్యా, తెలుగు పేరే కావాలి. వింటే ఒళ్లు జలదరించాలి."

ఊరి పేరులోనే ముండ్లున్నాయి గనక ఇలాంటివాటికి నేను పనికొస్తాననుకున్నాడేమో. వాడి దగ్గర అప్పటికే ఒక జాబితా ఉంది. బ్రహ్మాస్త్రం, పాశుపతం, రామబాణం, యమపాశం. చదివి వినిపిస్తుంటే దర్శి బజారులో పురుగుమందుల కొట్టు ముందు నిలబడ్డట్టుంది. అక్కడి డబ్బాల మీదా ఇలాగే గర్జనలుంటాయి. పచ్చపురుగు మాత్రం తాపీగా కాయ తొలుస్తూనే ఉంటుంది.

"ఒరే, అస్త్రం వేరు, బాణపు మొన, అదే అలుగు, వేరు. బ్రహ్మాస్త్రానికి మంత్రం కావాలి గానీ ఇనుము అక్కర్లేదు. అశ్వత్థామ గడ్డిపరకతోనే వేశాడు కదరా" అన్నాను. రామబాణమంటే తిరుగులేనిదని. కర్రవిల్లు వాళ్లు ఇరవై గజాలు దాటితే బాణం వదలడానికే వెనకాడతారు, అంత దగ్గర నుంచీ తప్పిపోతుంటుంది. గురి తప్పితే ఆ పేరు ఎవరు మోస్తారు?

నా పట్టింపుకి అసలు కారణం వేరే ఉంది. బాణం తూటాలాగా చంపదు. వేట రైఫిల్ తూటా సెకనుకి 2,700 అడుగుల పైన పోతుంది. కర్రవిల్లు బాణం 150, 180 అడుగుల దగ్గరే ఆగిపోతుంది. దానికి కొట్టి పడేసే బలం లేదు, కోసే పదును మాత్రమే ఉంది. ఊపిరితిత్తుల్లోంచి దూసుకుపోయి రక్తనాళాలు తెగ్గోస్తే, జంతువు కొంత దూరం పరిగెత్తి పడిపోతుంది. వేటగాడు వెంటనే లేచి వెంటపడకూడదు. అరగంటో ఇంకా ఎక్కువో ఆగి, రక్తపు చుక్కలు వెతుక్కుంటూ పోవాలి. పదును తక్కువైనా, తగలాల్సినచోట తగలకపోయినా అది గాయంతో ఎక్కడో పొదలో రోజుల తరబడి బాధపడి చస్తుంది. అంటే అక్కడ భారమంతా వేటగాడి మీదే, వాడు ముందు రాత్రి కూర్చుని నూరిన అంచు మీదే. అలాంటి వస్తువుకి 'యమపాశం' అని పేరు పెడితే, పని అదే చూసుకుంటుందిలే అని కొన్నవాడు అనుకోడూ?

అమెరికా వాళ్ల పేర్లూ కొన్ని చెప్పాడు. ఫ్రెడ్ బేర్ అనే ఆయన 1956లో తెచ్చిన మొన 'రేజర్‌హెడ్'. మంగలికత్తి తల అన్నమాట, ఆ పేరు నాకు నచ్చింది. జ్వికీ కంపెనీది 'ఎస్కిమో', ఇంకొకటి 'డెల్టా'. 'గ్రిజ్లీ' అని ఎలుగుబంటి పేరు పెట్టుకున్నది ఒకటి. హోవర్డ్ హిల్ అనే విలుకాడి పేరుతో ఒకటి. 1938 నాటి రాబిన్‌హుడ్ సినిమాలో తెర వెనక నుంచి బాణాలు వేసింది ఈ హిల్లే. ఈ మధ్య వచ్చినవాటిలో 'రేజ్' అని కూడా ఉందట. వేటగాడికి ఉండకూడనిది కోపం. దాన్నే మొనకి అంటించారు.

మన పాతవాళ్లు ఇలాంటి పేర్ల జోలికి పోలేదు. 14వ శతాబ్దపు 'శార్ఙ్గధర పద్ధతి' అనే పుస్తకంలో ధనుర్వేదం గురించి ఒక భాగం ఉంది. అందులో అలుగుల పేర్లు పది వరసగా వస్తాయి: ఆరాముఖం, క్షురప్రం, గోపుచ్ఛం, అర్ధచంద్రం, సూచీముఖం, భల్లం, వత్సదంతం, ద్విభల్లం, కర్ణికం, కాకతుండం. తోలు కుట్టే ఆరె, మంగలికత్తి, ఆవుతోక, సగం చందమామ, సూది, దూడపన్ను, కాకిముక్కు! యుద్ధం కోసం రాసిన జాబితాలో గొడ్లసావిడి సగం, చేతిపని వాళ్ల సంచి సగం కనిపిస్తాయి. పేరు వినగానే ఆకారం తెలుస్తుంది. ఏది దేనికో కూడా ఆ వెంటనే వస్తుంది: సూచీముఖం కవచానికి, క్షురప్రం వింటికి, భల్లం గుండెకి, కాకతుండం ఇనుముకి, గోపుచ్ఛం గురి సాధనకి. భయపెట్టే పేరు ఒక్కటీ లేదు. భారతంలో కర్ణుడి తల తీసిన బాణం పేరు చూడండి, అంజలికం. అంత ఘోరమైన పనికి అంత మెత్తని పేరా అని నాకెప్పుడూ అనిపిస్తుంది.

జపాన్ వాళ్లదీ ఇదే పద్ధతి. అక్కడ ఒక రకం అలుగు పేరుకి 'విల్లో చెట్టు ఆకు' అని అర్థం. ఆకారం చూసే పెట్టారు.

మన జాబితాలోని ఆ పదిలో కర్ణికం మాత్రం చెడ్డది. దాని ముళ్లు వెనక్కి తిరిగి ఉంటాయి, లోపలికి పోతుంది గానీ లాగితే మాంసం చీల్చుకునే వస్తుంది. మనుస్మృతి ఏడో అధ్యాయం యుద్ధంలో మూడు రకాల బాణాలు వద్దంది: ముళ్లు తిరిగినవి, విషం పూసినవి, నిప్పంటించినవి. ఆ పుస్తకంలో నేను ఒప్పుకోనివి చాలా ఉన్నాయి గానీ, ఇది బాగుంది. న్యూయార్క్ రాష్ట్రం వేట నిబంధనల్లో కూడా ముళ్లు తిరిగిన బ్రాడ్‌హెడ్ నిషేధం. ఇది చెబితే మావాడికి కాస్త గౌరవం పుట్టింది. వాడి మొనకి ముళ్లు లేవు, బతికిపోయాం.

మా వైపు విల్లు పట్టేవాళ్లంటే చెంచులు. దర్శి, పొదిలి మీదుగా మార్కాపురం దాటి దోర్నాల చేరితే నల్లమల మొదలవుతుంది. చెంచులక్ష్మిని సినిమాల్లో చూసిన కళ్లకి చెంచు అంటే వేటే. 1940లో అమ్రాబాద్ పీఠభూమిలో వాళ్లతో తిరిగి పుస్తకం రాసిన హైమెన్‌డార్ఫ్ లెక్క వేరు. వాళ్ల కడుపు నిండింది వేటతో కాదు, గడ్డలూ పళ్లూ తవ్వి ఏరుకుని. వెదురు అడవిది, ఇనుప అలుగు మాత్రం మైదానపు కమ్మరిది. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక ఆ వేటా నేరమైంది. తర్వాత అదే అడవి పులుల అభయారణ్యమైంది. మావాడు లైసెన్సు కట్టి మిస్సోరి అడవిలో చేస్తున్న పని దోర్నాల అడవిలో చెంచు చేస్తే జైలుకి పోతాడు. చట్టం ఉండాల్సిందే, పులులూ జింకలూ మిగలాల్సిందే. కానీ అమెరికాలో అమ్మే మొనకి 'చెంచు' అని పేరు పెడదామని వాడన్నప్పుడు మాత్రం నేను ఒప్పుకోలేదు. విల్లు చేతిలోంచి తీసేసి, పేరు మాత్రం మనం వాడుకోవడమా?

అమెరికాలోనూ ఇలాంటిదే జరిగింది. 1911లో కాలిఫోర్నియాలోని ఓరోవిల్ దగ్గర, తన జాతిలో చివరికి మిగిలిన యాహి మనిషి ఒకడు అడవిలోంచి బయటికొచ్చాడు. తన పేరు తనే చెప్పుకోవడం వాళ్ల ఆచారం కాదు. చెప్పడానికి తనవాళ్లెవరూ మిగల్లేదు. మ్యూజియంలో ఉంచి, క్రోబర్ అనే ప్రొఫెసర్ 'ఇషీ' అని పిలిచాడు, వాళ్ల మాటలో మనిషి అని. పాత సీసాల గాజు పెంకులని చెక్కి చక్కటి మొనలు చేసేవాడు. అక్కడి ఆసుపత్రిలో పనిచేసే శాక్స్‌టన్ పోప్ అనే డాక్టరు అతని దగ్గర విల్లు నేర్చుకుని 1923లో పుస్తకం రాశాడు. ఇవాళ అమెరికాలో విల్లుతో వేటాడేవాళ్లు పోప్ పేరుతో క్లబ్బు నడుపుతున్నారు. విద్య నేర్పినవాడు 1916లో క్షయతో పోయాడు. అసలు పేరు తనతోనే పట్టుకుపోయాడు.

ఇక్కడికి వచ్చేసరికి మావాడు కాసేపు మాట్లాడలేదు. "సరే మామయ్యా, మొన ఫొటో పంపిస్తా, చూసి నువ్వే చెప్పు" అన్నాడు.

ఫొటో పట్టుకుని మా ఊరి కొలిమికి వెళ్లాను. ఆచారి లారీ కమాను పట్టీ ముక్కని కాల్చి కొడవలి సాగదీస్తున్నాడు. ఫోన్ తీసుకుని, బొగ్గు వేళ్లతో బొమ్మని పెద్దది చేసి చూశాడు.

"ఆచారీ, దీనికో పేరు కావాలి."

"పేరు తర్వాత మాస్టారూ. ఇది దేన్ని కొయ్యాలి?"

చెప్పాను. రెండే అంచులు, పొడవు వెడల్పుకి మూడింతలు. అంచు ఒక వైపే నూరి ఉంది, రెండో వైపు చదునుగా వదిలేశారు. అలా నూరితే లోపలికి పోతూ తిరుగుతుందట, ఎముక తగిలితే పగలదీసుకుంటూ పోతుందట. అందుకని బాణం వెనక ఈకలు ఏ వైపు తిరిగి ఉంటాయో, ఆ వైపుకే అంచూ నూరాలి. ఆచారి తలూపాడు. ఆయనకి ఇది వింత కాదు. పక్కనున్న కొడవలి తీసి కక్కు చూపించాడు. పళ్లన్నీ ఒక ముఖం మీదే ఉలితో కొట్టి ఉన్నాయి, వెనక ముఖం నున్నగా ఉంది. "రెండు పక్కలా కొడితే కంకి తెగదు, నలుగుద్ది" అన్నాడు. బరువెంత అని అడిగాడు. 200 గ్రెయిన్లు, అంటే 13 గ్రాములు, తులం మీద కాస్త ఎక్కువ. గట్టిదనం కోసం ఎర్రగా కాల్చి ముంచి అలాగే వదిలేస్తే పెళుసుబారి అంచు రాలిపోతుంది, మళ్లీ సన్నని వేడి చూపించి గడ్డిరంగు తేలేదాకా ఉంచాలి, మీవాడికి తెలుసా అన్నాడు. తెలుసన్నాను. తెలిసే ఉంటుందని నా నమ్మకం.

"గన్నేరాకులా ఉంది మాస్టారూ" అన్నాడు చివరికి.

నిజంగానే ఉంది. సన్నగా, మధ్య ఈనె తేలి, రెండు కొనలూ కూసుగా. మావాడికి చెబితే ఎగిరి గంతేశాడు. "అదిరింది! గన్నేరంటే విషం కదా!" అదే నాకు నచ్చలేదు. తెలుగు ఇళ్లల్లో గన్నేరుపప్పు అంటే ఏ వార్తలు గుర్తొస్తాయో అందరికీ తెలుసు. పైగా మొనకి విషం లేదు. లేని విషాన్ని పేరులో పూయడం దేనికి? విషం పూసినవాటిని వద్దన్న వాక్యం గురించి అంతసేపు చెప్పాక కూడానా? మేం ఈ మాట మీద కొంచెం గట్టిగానే అనుకున్నాం. ఆచారినే మళ్లీ అడిగితే, "అయితే వెదురాకనండి. కర్రా వెదురే, ఆకూ వెదురే" అన్నాడు. ఆకారం కుదిరింది, అబద్ధం లేదు.

మావాడికి వేరే ఇబ్బంది వచ్చింది. పేరు ఇనుము మీద అచ్చు కొట్టాలి. బాణానికి బిగించే గొట్టం దగ్గర చోటు చిటికెన వేలి గోరంత కూడా లేదు. పైగా అమెరికా వాళ్లు 'దు' అనలేక 'డూ' అంటారట, వెడురాకూ అవుతుందట. చివరికి ముందు ముక్క కొట్టేసి 'ఆకు' మిగిల్చాం. ఆకు 200. పెట్టె మీద వాడు రాయించిన భయంకరమైన విశేషణాలు కూడా నా మీద గౌరవం కొద్దీ తీసేశాడు. వాటి చోట 'వాడే ముందు నూరుకోవాలి' అని ఒక వాక్యం పెట్టించాను.

ఈ సంగతి చెప్పడానికి కొలిమికి వెళ్లాను. ఆచారి సంతోషించి, ధర ఎంత పెట్టాడన్నాడు. మూడు మొనల పెట్టె నూరు డాలర్లని చెప్పాను. ఆయన సుత్తి కింద పెట్టి, రూపాయల్లోకి మార్చి, దాన్ని కొడవళ్లలోకి మార్చి, కాసేపు లెక్కేసుకున్నాడు.

"మాస్టారూ, నా కొడవలికి కూడా ఒక పేరు చూడండి" అన్నాడు.