రెండు వేళ్ళ విద్య

డుంబ్రిగుడలో చాపరాయి గెడ్డ ఒడ్డున కూర్చుని తలెత్తి చూడండి. ఎండ ముదిరే వేళకు డేగ ఒకటి కొండ అంచు వెంబడి చక్కర్లు కొడుతూ కనిపిస్తుంది. రెక్క ఆడించదు. కాగిన గాలి పైకి లేస్తుంటే దాని మీద ఎక్కి కూర్చుంటుంది, అంతే. దానికి ఎంతో పైన, మెరుస్తూ ఒక విమానం పోతుంది. పంతులు ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను ఈ రెంటినీ చూస్తూ పాఠాలు చెప్పినవాణ్ణి. విశాఖలో విమానాలు దిగే నేవీ స్థావరం పేరు ఐఎన్‌ఎస్ డేగ. ఆ పేరు పెట్టిన మహానుభావుడు ఎవరో గాని, ఈ విద్యకు మొదటి గురువెవరో బాగా ఎరిగినవాడు!

రిటైరయ్యాక ముచ్చట తీర్చుకుందామని హైదరాబాద్‌లో ఎయిర్‌బస్ 320 సిమ్యులేటర్ ఎక్కాను. పక్క సీట్లో ఒక పాత కెప్టెన్. నేను స్టిక్ పట్టుకున్న తీరు చూసి నవ్వారు.

"మేస్టారూ, అది నాగలి మేడి కాదు. రెండు వేళ్ళు చాలు. కొంచెం కదపండి, ఆగండి, విమానం ఏమంటుందో చూడండి."

ఆ గంటలో ఆయన చెప్పింది నాకు ముప్పై ఏళ్ళ పుస్తకాల చదువు కంటే ఎక్కువ. దిగడం ఎప్పుడు మొదలుపెట్టాలి? ఎన్ని వేల అడుగుల ఎత్తులో ఉంటే అంతకు మూడింతల నాటికల్ మైళ్ళ ముందు. 36,000 అడుగుల్లో ఉంటే 108 మైళ్ళు. అష్టోత్తరం అన్నమాట, మరిచిపోయే పనే లేదు! ఆఖరి వాలు 3 డిగ్రీలు. రన్‌వే పక్కన నాలుగు దీపాలుంటాయి. రెండు తెలుపు, రెండు ఎరుపు కనిపిస్తే దారి సరైనది. నాలుగూ ఎరుపెక్కితే బాగా కిందికి జారిపోయినట్టు. పక్కగాలి కొడితే ముక్కును గాలివైపు తిప్పి, పీత నడిచినట్టు ఏటవాలుగా రావాలి. వానాకాలం గెడ్డ దాటే మన మనిషి చేసేది అదే కదా. ఎదుటి రేవు చేరాలంటే ప్రవాహానికి ఎదురు మొహం పెట్టి అడుగేస్తాడు. ఇక నేల 30 అడుగులు ఉందనగా ముక్కు కాస్త ఎత్తాలి. ఎక్కువెత్తితే తేలిపోతుంది, తక్కువైతే దభీమంటుంది. నిండు కుండను చుట్టకుదురు మీద దించే ఇల్లాలి నేర్పు అక్కడ కావాలి. నేను దించినది మాత్రం రన్‌వే పక్క గడ్డిలో. "దిగారు గాని, వేరే ఊళ్ళో" అన్నారు కెప్టెన్.

మన దగ్గర ఈ విద్యకు బేగంపేట పుట్టిల్లు. 1945లో మొదలైన దక్కన్ ఎయిర్‌వేస్, ఆడమనిషని మిగతా కంపెనీలు కాదన్నాయని చెప్పుకునే ప్రేమ్ మాథుర్‌ను కాక్‌పిట్‌లో కూర్చోబెట్టింది. 1953లో ఆ కంపెనీ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఇక విజయవాడలో పెరిగిన యానీ దివ్య సంగతి చెబుతుంటే నాకిప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. 17 ఏళ్ళకు రాయబరేలీ దగ్గరి పైలట్ అకాడమీలో చేరి, 30 ఏళ్ళకు బోయింగ్ 777కు కమాండర్ అయింది. అప్పటికి ఆ విమానానికి ప్రపంచంలోకెల్లా చిన్న వయసు మహిళా కమాండర్!

కాని అందరిలోకీ నా దేవుడు కెనడా కెప్టెన్ బాబ్ పియర్సన్. 1983 జులై 23న ఆయన బోయింగ్ 767లో, 41,000 అడుగుల ఎత్తున, ఇంధనం అయిపోయింది. కిలోలకూ పౌన్లకూ లెక్క తప్పి నింపారు. రెండు ఇంజన్లూ ఆగాయి. పియర్సన్‌కు ఖాళీ వేళల్లో ఇంజను లేని గ్లైడర్ నడిపే సరదా. ఆ సరదాయే ఆ రోజు 69 మందిని బతికించింది. గిమ్లీ అనే పాత వైమానిక స్థావరం దగ్గరికి ఎక్కువ ఎత్తులో వచ్చేశాడు. గ్లైడర్‌ను జార్చినట్టే అంత జెట్టునూ పక్కకు వాల్చి, ఎత్తు కరగదీసి, దించేశాడు. ఒక్క ప్రాణం పోలేదు. 2009లో హడ్సన్ నదిలో 155 మందితో దిగిన సలెన్‌బర్గర్ మీద సినిమా తీశారు, మంచిదే. ఆయనా గ్లైడర్ విద్యార్థే. అయినా నా ఓటు పియర్సన్‌కే.

ఇప్పుడా చేతి నేర్పు ఏమవుతోంది? 1990 ఫిబ్రవరి 14న బెంగళూరులో కొత్త ఎయిర్‌బస్ 320 రన్‌వేకు ముందే నేలను తాకింది. ఇంజన్లు ఐడిల్‌లో ఉండగా వేగం పడిపోతున్న సంగతి కనిపెట్టేసరికి ఆలస్యమైంది. 92 మంది పోయారు. 2013లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పట్టపగలు, నిర్మలాకాశంలో ఒక 777 రన్‌వే ముందరి గోడకు తగిలింది. వేగాన్ని యంత్రమే చూసుకుంటుందని నమ్మారు. చేత్తో నడిపే అలవాటు తప్పుతోందని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఆ ఏడాది జనవరిలోనే హెచ్చరించి ఉంది! ఆటోపైలట్‌కు నేను శత్రువును కాను. వండిపెట్టే మనిషి ఉందని అన్నం కలుపుకోవడం మరిచిపోతామా అంటాను.

అంతకంటే ఒళ్ళు మండే సంగతి ఇంకొకటి. నగరంలో ఒక దుకాణం "గంటలో జెట్ పైలట్" అని బోర్డు పెట్టింది. వెళ్ళాను. బటన్లు వాళ్ళే నొక్కారు, విమానం తనంతట తానే దిగింది, నా చేతికి బంగారు అంచు సర్టిఫికెట్ వచ్చింది. మన దేశంలో సొంత సరదాకు లైసెన్సు కావాలంటేనే 40 గంటలు ఎగరాలి. ఉద్యోగానికి 200, కమాండర్ కావడానికి 1,500. ఆ గంటలన్నీ ఎవరికోసం? 2011లో దొంగ మార్కుల కాగితాలతో లైసెన్సు తెచ్చుకున్నవాళ్ళు పట్టుబడ్డది ఈ దేశంలోనే. గడ్డిలో దింపానని మొహాన చెప్పిన ఆ కెప్టెన్‌కు నేను రుణపడి ఉన్నాను. పొగిడి పంపిన దుకాణానికి కాదు.

పాడేరు ఐటీడీఏ పెద్దలకు నాదొక విన్నపం. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ పిల్లలకు పట్నాల్లో ఎగిరే అనుభవం దొరుకుతుంది. మా కొండ పిల్లలకూ దొరకనివ్వండి. ప్రవాహానికి ఎదురు మొహం పెట్టి గెడ్డ దాటడం వాళ్ళకు నడక వచ్చినప్పటి నుంచీ తెలుసు. పీత నడక నేర్చుకోవడానికి నాకు పట్టినంత సేపు వాళ్ళకు పట్టదు.