టీవీని వెక్కిరించే టీవీ: ఎవరి యాస, ఎవరి నవ్వు?

వ్యంగ్యం ఎవరి మీద? దానికి కూలి ఇచ్చేది ఎవరు? ఈ రెండు ప్రశ్నలనూ విడదీసి ఏ వ్యంగ్య రచన విలువా కట్టలేం. నాటకం, కథల విషయంలో మన విమర్శకులు ఈ పని కొంత చేశారు. టెలివిజన్ హాస్యం దగ్గరకు వచ్చేసరికి “అది సాహిత్యం కాదు కదా” అని పక్కకు తప్పుకున్నారు. పలాస, టెక్కలి, వజ్రపుకొత్తూరు ఊళ్ళలో కథల సంపుటి ఒక్కటీ చేరని ఇళ్ళకు కూడా ‘జబర్దస్త్’ చేరింది. ఆ ఇళ్ళలో ఏది నవ్వదగ్గది, ఎవరు నవ్వదగ్గవారు అని నేర్పుతున్నది అదే అయినప్పుడు విమర్శకుడు మొహం తిప్పుకోవడం బాధ్యత అనిపించుకోదు.

పోలికకు ఒక విదేశీ ఉదాహరణ చూద్దాం. ఐర్లండ్ ప్రభుత్వరంగ ప్రసార సంస్థ ఆర్టీఈ 2009 నుంచి 2017 వరకు ‘రిపబ్లిక్ ఆఫ్ టెల్లీ’ అనే హాస్య కార్యక్రమం నడిపింది. దాని వస్తువు టెలివిజనే. ప్రసారమైన వాటిని తీసుకుని, తుంచి, తిరగేసి చూపి నవ్వించడం దాని పని. ఆర్టీఈ సొంత కార్యక్రమాలకూ ఇందులో మినహాయింపు లేదు. అంటే సంస్థ తన డబ్బుతో తననే తిట్టించుకుంది. ఇది గొప్ప ఉదారత అని నేను అనను. తిట్టు కూడా అమ్ముడుపోయే సరుకేనని ఆర్టీఈకి తెలుసు. అయినా ఆ సందులోంచి ఒక నిజమైన గొంతు బయటికి వచ్చింది. నేరాల ఊరని పత్రికలు ముద్ర వేసిన లిమరిక్ పట్నం నుంచి ఇద్దరు కుర్రాళ్ళు, ‘రబ్బర్‌బ్యాండిట్స్’ అనే పేరుతో, మొహాలకు ప్లాస్టిక్ సంచులు తగిలించుకుని 2010 డిసెంబరులో ఈ కార్యక్రమంలో ఒక పాట పాడారు. పాట పేరు ‘హార్స్ అవుట్‌సైడ్’. మీ కార్లు మీరే ఉంచుకోండి, బయట నా గుర్రం కట్టి ఉంది అని అందులో ఒక పేదకుర్రాడి బడాయి. ఆ క్రిస్మస్‌కు ఐర్లండ్‌లో అమ్ముడైన పాటల్లో అది రెండో స్థానంలో నిలిచింది. లిమరిక్ యాసను చూసి నవ్వడానికి అలవాటుపడిన దేశం, ఆ యాసతో కలిసి కార్ల వాళ్ళను చూసి నవ్వింది. ఇక్కడ యాస నవ్వే స్థానంలో ఉంది, నవ్వులపాలయ్యే స్థానంలో లేదు. నా విమర్శ అంతా ఈ తేడా మీదే.

ఈ రకం బేరం మనకు కొత్తది కాదు. పగటివేషగాడు కరణం వేషం కట్టి కరణం గుమ్మం ముందే ఆడేవాడు. చివరికి ఆ ఇంటి ధాన్యమే జోలెలో పోయించుకునేవాడు. అయితే మర్నాడు పొరుగూరు పోయేవాడు కనక ఆ మాత్రం తెగువ నిలిచింది. ఛానెల్ దగ్గర నెలజీతం పుచ్చుకునే హాస్యగాడికి పొరుగూరు లేదు. ఒక ఛానెల్ విడిచి ఇంకో ఛానెల్‌కు పోవడమే ఉంది.

తెలుగులో టెలివిజన్‌ను టెలివిజన్ మీదే వెక్కిరించిన ప్రయత్నాల్లో చెప్పుకోదగ్గది వీ6 వారి ‘తీన్మార్ వార్తలు’. వార్త చదవడం అంటే ఒక కోటు, ఒక కొయ్యమొహం, కోస్తా జిల్లాల చదువుకున్న ఇళ్ళ తెలుగు అని దూరదర్శన్ నాటి నుంచీ స్థిరపడింది. తెలంగాణ మాటలో సావిత్రి వార్త చదివింది. బిత్తిరి సత్తి తెలియనివాడిలా మధ్యలో దూరి అడ్డగోలు ప్రశ్నలు వేశాడు. ఈ వెక్కిరింతలో వస్తువుకంటె శిల్పమే పదునైనది. ఆ భాషలో విన్న తరువాత మామూలు వార్తల భాష ఒక వేషం అని తెలిసిపోతుంది. నా దృష్టిలో ఇది చిన్న విజయం కాదు. దీని హద్దు కూడా చెప్పాలి. సత్తి ప్రశ్నలు అందరినీ తాకాయి గాని ఛానెల్‌ను, ఛానెల్ యాజమాన్యాన్ని అరుదుగానైనా తాకినట్టు నాకు కనిపించలేదు. ‘రిపబ్లిక్ ఆఫ్ టెల్లీ’ చేసిన ఆ ఒక్క పనీ ఇక్కడ మిగిలిపోయింది. సత్తి తరువాత వేరే ఛానెళ్ళకు వెళ్ళాడు. అక్కడా అంతే.

తెలంగాణ మాటకు దక్కిన ఈ పాటి గౌరవం ఉద్దానం మాటకు దక్కలేదు. మన సినిమాల్లో, వాటిని చూసి తయారైన టీవీ స్కిట్లలో ‘ఏటి’, ‘బేగి’, ‘గుంట’, ‘నాను’ అన్న మాటలు ఎవరి నోట వినిపిస్తాయో గమనించండి. పనిమనిషి, వాచ్‌మన్, పట్నంలో దారితప్పిన అమాయకుడు. పాత్ర ఏమన్నదో అవసరం లేదు, ‘ఒలమ్మో’ అంటే చాలు, నవ్వు సిద్ధం. 2013లో ఈటీవీలో మొదలైన ‘జబర్దస్త్’ సినిమాలను, సీరియళ్ళను, వార్తలను, చివరికి తన న్యాయనిర్ణేతలను కూడా వెక్కిరించింది. ఈ అలవాటును మాత్రం వెక్కిరించలేదు, వాడుకుంది. పేదవాడి ఉచ్చారణే హాస్యవస్తువు అయినచోట వ్యంగ్యం లేదు, ఎకసెక్కం ఉంది.

మన సాహిత్యం దీనికి భిన్నమైన దారి ఎప్పుడో చూపింది. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడిన ‘కన్యాశుల్కం’లో నౌకరు అసిరి తన మాటే మాట్లాడతాడు. నాటకం నవ్వింది మాత్రం గిరీశం ఇంగ్లీషు ముక్కల మీద. శ్రీకాకుళంలో పుట్టిన రావిశాస్త్రి ‘ఆరు సారా కథలు’లోని ‘మాయ’లో సారా అమ్ముకునే ముత్యాలమ్మ చేత పోలీసుల గుట్టు, కోర్టు గుట్టు విప్పించాడు. చదువుకున్న ప్లీడరు వింటాడు, ఆమె చెబుతుంది. తెరమీద కూడా అది అసాధ్యం కాదని 2020లో కరుణకుమార్ ‘పలాస 1978’ చూపించింది. అందులో ఈ యాస కోపంగానూ మాట్లాడింది, ప్రేమగానూ మాట్లాడింది. చిన్నతెర రచయితలు దాన్ని చూడలేదనుకోలేం. చూసి ఊరుకున్నారు.

ఉద్దానంలో టెలివిజన్‌ను వెక్కిరించడానికి వస్తువు కొరత ఉందా? 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడితోటలు నేలమట్టమయ్యాయి. కరెంటు స్తంభాలు కూలాయి. తరువాత వానకోట్లు తొడుక్కున్న విలేఖరులు పడిపోయిన చెట్టు పక్కన నిలబడి, చెట్టు పడిపోయిందని గట్టిగా చెప్పారు. రాష్ట్రమంతా చూసింది. రోజుల తరబడి కరెంటు లేని ఉద్దానం ఊళ్ళకు మాత్రం తమ సంగతి తమకు చూపే పెట్టె చీకట్లో ఉండిపోయింది. ఇంతకంటె పదునైన టీవీ వ్యంగ్యం ఏ స్కిట్ రచయిత కల్పించగలడు? అదేవిధంగా మూత్రపిండాల జబ్బు. ఏళ్ళ తరబడి మనుషులు పోతుంటే కెమెరా ఎక్కువసార్లు నాయకుల వెంటే వచ్చింది, నాయకులతోనే వెళ్ళింది.

ఇంకో సంగతి ఉంది, దాన్ని స్కిట్‌గా రాయడానికి కల్పన కూడా అక్కరలేదు. పడిపోయిన తోటలో రైతు మాట్లాడతాడు. కొబ్బరిమొక్క పెట్టి కాయ చూడాలంటే ఎన్నేళ్ళు పడుతుందో, ఆ ఏళ్ళు పిల్లలకు ఏం పెట్టాలో తన మాటలో చెప్పడం మొదలెడతాడు. కొన్ని క్షణాలకే ఆ గొంతు తగ్గిపోతుంది. స్టూడియోలో కూచున్న యాంకరు, రైతు చెప్పింది తెలుగు కానట్టు, దాన్ని మళ్ళీ తెలుగులో చెబుతుంది. తరువాత ప్రకటనలు.