పట్టు చూశాం, విడుపు చూడలేదు

శుభకృత్ నామ సంవత్సరంలో పద్నాలుగు రోజుల తేడాతో రెండు గ్రహణాలు వచ్చాయి. 2022 అక్టోబరు 25న, దీపావళి మర్నాడు సూర్యగ్రహణం. నవంబరు 8న కార్తీక పున్నమికి సంపూర్ణ చంద్రగ్రహణం. మన పంచాంగాలు మొదటిదాన్ని గ్రస్తాస్తమయం అన్నాయి, రెండోదాన్ని గ్రస్తోదయం అన్నాయి. నిజామాబాద్, బోధన్ వైపు సరిగ్గా అలాగే జరిగింది. సాయంత్రం ఐదింటి ప్రాంతంలో పట్టిన సూర్యుడు విడవకముందే చెరుకు తోటల వెనక గుంకాడు. పున్నమినాడు చంద్రుడు పట్టుతోనే పైకొచ్చి 6.19కి విడిచాడు. మొదటిసారి పట్టు స్నానమే కంటి ముందు జరిగింది, రెండోసారి విడుపు స్నానమే. కందకుర్తి సంగమంలో మునిగినవాళ్లకు ఈ లెక్క ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

ఏ ఊరికి ఏది కనిపిస్తుందో చెప్పే పంచాంగంలోని ఆ ఒక్క మాట వెనక ఉన్న పనితనాన్ని దగ్గరగా చూడాలి.

చంద్రగ్రహణంలో పని తక్కువ. భూమి నీడ పడేది చంద్రుడి మీదే కాబట్టి, చంద్రుడు కనిపించే ప్రతి ఊరికీ అదే గ్రహణం, అదే క్షణం. 6.19 అనేది బోధన్‌కూ టోక్యోకూ ఒకటే, గడియారాల తేడా తప్ప. ఇక తేల్చాల్సింది చంద్రోదయమే. ఆ సాయంత్రం కోల్‌కతాలో 4.52కే చంద్రుడు వచ్చాడు. సంపూర్ణ దశ 5.12 దాకా ఉంది గనుక వాళ్లకు ఇరవై నిమిషాలు దక్కింది. మన దగ్గర చంద్రోదయం 5.40 ప్రాంతంలో. అప్పటికి మిగిలింది అంచు కొరికిన చంద్రుడే.

అసలు పనితనం సూర్యగ్రహణంలో ఉంది. సూర్యసిద్ధాంతం నాలుగో అధ్యాయాన్ని చంద్రగ్రహణానికి, ఐదో అధ్యాయాన్ని సూర్యగ్రహణానికి ఇచ్చింది. ఆ ఐదో అధ్యాయమంతా దాదాపు రెండు సంస్కారాల మీదే నడుస్తుంది: లంబనం, నతి. గణితం భూమి నడిబొడ్డు నుంచి చేస్తాం. చూసే మనిషి మాత్రం అక్కణ్ణుంచి దాదాపు 6,400 కిలోమీటర్ల ఎడంగా, నేల మీద ఉంటాడు. దగ్గర్లో ఉన్న చంద్రుడు అతని కంటికి కాస్త జరిగి కనిపిస్తాడు. ఆ జరుగుడు రాశిచక్రం వెంబడి ఉంటే లంబనం, దాంతో గ్రహణ సమయం మారుతుంది. అడ్డంగా ఉంటే నతి, దాంతో ఎంత కప్పుతుందో మారుతుంది.

నతి ఏం చేస్తుందో 1980 ఫిబ్రవరి 16న తెలంగాణ చూసింది. కార్వార్ దగ్గర నేలకెక్కిన చంద్రుడి నీడ రాయచూరు, మహబూబ్‌నగర్, నల్లగొండ మీదుగా ఒడిశా తీరానికి సాగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్-రంగాపూర్ వేధశాల ఆ దారిలోనే ఉంది, అక్కడ రెండు నిమిషాలకు పైగా సూర్యుడు పూర్తిగా మరుగయ్యాడు. నేరుగా కొలిస్తే రెండు వందల కిలోమీటర్లు నిండని దూరంలో ఉన్న నిజామాబాద్‌కు నెలవంకలాంటి సూర్యుడే మిగిలాడు.

లంబనాన్ని సిద్ధాంతకారుడు పట్టిన తీరు నాకు మహా ఇష్టం. చంద్రుడు దిగంతం మీద ఉన్నప్పటి జరుగుడును అతని రోజు నడకలో పదిహేనో వంతుగా తీసుకున్నాడు. సూర్యుడికీ అదే సూత్రం. అంటే ఇద్దరి మధ్య తేడాను కాలంలోకి మారిస్తే అరవై ఘడియల్లో పదిహేనో వంతు, గరిష్ఠంగా నాలుగు ఘడియలు, మన 96 నిమిషాలు. పెద్ద అంకెలతో కుస్తీ లేదు. చంద్రుడి విషయంలో ఈ అంచనా నేటి కొలతకు దగ్గరే: ఆయనది 53 కళలు (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక కళ), నేటి సగటు 57. సూర్యుడి విషయంలో మాత్రం చాలా ఎక్కువ చెప్పాడు. ఒప్పుకోవాల్సిందే.

ఇంకో చిక్కుంది. లంబనం తెలియాలంటే గ్రహణ సమయం తెలియాలి, గ్రహణ సమయం తెలియాలంటే లంబనం తెలియాలి. దానికి ఆయన చెప్పిన ఉపాయం అసకృత్కర్మ. అమావాస్య ముగిసే వేళకు లంబనం కట్టి, ఆ వేళను సవరించి, సవరించిన వేళకు మళ్లీ లంబనం కట్టాలి. విలువ కదలకుండా నిలిచేదాకా ఇంతే. బెల్లం వండేవాడు పాకం చుక్కను నీళ్లలో వేసి చూసి, కుదరకపోతే మళ్లీ మంట ఎగదోసినట్టు. నేటి కంప్యూటర్లూ ఇలాంటి లెక్కలను ఈ పద్ధతిలోనే తేలుస్తాయి, వేగమే తేడా.

ఇప్పుడు పాత సిద్ధాంతాల ప్రకారం కట్టే పూర్వగణితం వాళ్లలోనూ చాలామంది గ్రహణాలకు, ఆకాశంలో కనిపించేదానితో సరిపోయే దృక్ గణితాన్నే పట్టుకుంటారు. కోల్‌కతాలోని ప్రభుత్వ ఖగోళ కేంద్రం వెలువరించే రాష్ట్రీయ పంచాంగం తెలుగులోనూ వస్తోంది. నాకున్న పేచీ ఒక్కటే: హైదరాబాద్‌కు కట్టిన వేళల్ని తెలంగాణ అంతటికీ అంటగట్టడం. మన గడియారం 82½ డిగ్రీల రేఖాంశానిది. నిజామాబాద్‌లో సూర్యుడు దానికి పదిహేడు పద్దెనిమిది నిమిషాలు వెనక నడుస్తాడు, బోధన్‌లో ఇంకాస్త వెనక. గ్రస్తాస్తమయం రోజున అలాంటి నిమిషాలకు విలువుంటుంది.

సూర్యసిద్ధాంతం ఆరో అధ్యాయంలో ఒక చిన్న మాట ఉంది. చంద్రుడిలో పన్నెండో వంతు పట్టినా కంటికి ఆనుతుందట. సూర్యుడికి మూడు కళల మేర, అంటే బింబంలో దాదాపు పదో వంతు పట్టినా, ఆ తీక్ష్ణతకు కనిపించదట. ఇది లెక్కలోంచి పుట్టిన మాట కాదు, చూసి చెప్పిన మాట. ఒక శాతం పట్టే గ్రహణాన్ని కూడా కంప్యూటర్ సెకన్లతో సహా చూపిస్తుంది. దానికి గుడి తలుపులు మూయాలా వద్దా అని టీవీల్లో వాదించుకునేవాళ్లు ముందు ఈ శ్లోకం తిరగేస్తే మేలు.