ఈగల ప్రభువు

గోదావరి పాయల నడుమ లంకలలో కాపురముండు మనకు ద్వీపమనగా క్రొత్త కాదు. ఆంగ్ల రచయిత విలియం గోల్డింగ్ 1954లో ప్రకటించిన "లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్" అను నవలలో, యుద్ధకాలమున విమానము కూలి కొందరు బడిపిల్లలు పెద్దలు లేని ద్వీపమున చిక్కుకొందురు. ఆ పేరునకు ఈగల ప్రభువని అర్థము. రాజుల గ్రంథములోని ఎక్రోను దేవతయగు బయల్జెబూబు నామమిదే.

శంఖమూది సభ కూడుదురు. ఓడలకు గురుతుగా నిప్పు రాజేయుదురు. అయితే మృగమున్నదను భయము వారిని చీల్చును. దానికి నైవేద్యముగా కర్రకు గ్రుచ్చిన పందితలపై ఈగలు ముసురును. కొండమీద నున్నది మృగము కాదు, యుద్ధమున చచ్చినవాని శవమే. ఆ సంగతి చెప్పవచ్చిన సైమనునే మృగమని చీకటిలో చంపిరి. మృగము హృదయములోనే ఉన్నది! తుదకు వారిని రక్షింపవచ్చిన అధికారియు యుద్ధనౌకలోనివాడే.

ఈ పుస్తకము రోగమును చక్కగా చూపినది. కాని మనుష్యుని గూర్చి సమస్తమును చెప్పలేదు. 1965లో టోంగా దేశపు బడిపిల్లలు ఆరుగురు అటా ద్వీపమున చిక్కిరి. పదునైదు నెలలు అచ్చటనే యుండి, నిప్పు ఆరనీయక, కాలు విరిగిన చెలికానిని సాకి, 1966లో అందరును ప్రాణములతో బయటపడిరి. మృగము తమలోనే ఉన్నదని ఎరిగినట్లు, పోట్లాడినవారు దూరముగా పోయి, కోపము చల్లారిన పిమ్మట సమాధానపడెడివారు.

సంఘములో తగవు పుట్టిన దినమున, మనము మృగమును ఎవరిలో వెదకుదుము?