కీసలోని చేయి

పత్తి అమ్మిన రూపాయలను రుమాలులో ముడివేసి, బనియనుకు లోపలివైపు అమ్మ కుట్టిన కీసలో (జేబును మా కరీంనగరు ప్రాంతమున కీస అనియే అందుము) పదిలపరచుకొని, రాజన్నకు కోడెమొక్కు చెల్లింపవలెనని వేములవాడ శివరాత్రి జాతరకు బయలుదేరిన మా నాయన, దారిలో ఒక బస్సు నెక్కు తొక్కిసలాటలో ఆ ముడిని పోగొట్టుకొనెను. బనియను మీద వ్రేలెడు పొడవున బ్లేడు కోత, దర్జీ కత్తిరించినంత తిన్నగా ఉండెను. ఒంటి మీద గోరంత గాటైనను పడలేదు. ఆ చేయిని నాయన చూడలేదు. ఆయన వ్రేలు పట్టుకొని నిలిచిన నేనును చూడలేదు.

చూచినది చాలా ఏండ్లకు, తెర మీద. జేబుదొంగ తెలుగు తెరకు క్రొత్తవాడు కాడు. ఆ పేరుతోనే 1975లో శోభన్‌బాబు, 1987లో చిరంజీవి చిత్రములలో నటించిరి. కాని దొంగ చేతిని చేతిగా చూపినవాడు ఫ్రెంచి దర్శకుడు రాబర్ట్ బ్రెసాన్. 1959 నాటి ‘పిక్‌పాకెట్’లో హస్తలాఘవ విద్యలో ఆరితేరిన కసాజీ అను నతనిచేత నటింపజేసి, రైల్వే స్టేషనులో ఒకడు తీయగా మరొకడందుకొని వేరొకనికి చేరవేయు వరుసను, కుండపై కుమ్మరి వ్రేళ్లను చూపినంత శ్రద్ధతో చూపెను.

హాంకాంగు దర్శకుడు జానీ టో 2008లో తీసిన ‘స్పారో’ యందు ఆ శ్రద్ధకు సంగీతము తోడైనది. పిచ్చుక యనగా అచటి వాడుకలో జేబుదొంగయే. రాత్రివేళ, వానలో, వీధి దాటుచోట నల్లని గొడుగులు మెల్లమెల్లగా ఒకదానినొకటి ఒరసికొనుచుండ, మాటలన్నియు ఆగిపోయి వాద్యములే కథ నడుపు ఆ ఘట్టమును నే నెన్నిమారులు చూచితినో! జాతరలో డప్పు దరువునకు జనము తనకు తెలియకయే అడుగు కలుపునట్లు, అచట గొడుగులు కలుపును. దరువు తప్పినవాని కీస ఖాళీ యగును. ఇంత సొగసైన చిత్రము ఈ విషయముపై మరొకటి లేదని నా దృఢాభిప్రాయము.

అయినను, వాద్యము నిలిచిన పిమ్మట, ఇంటికి పోయి కీస తడుముకొను వానికొరకు నా కన్నులు తెరను వెదకుచునే యుండును.

ఆ ఏటి తరువాత నాయన జాతరలు మానలేదు. గుంపు కనబడినంతనే కుడి అరచేయి ఎడమరొమ్ముపైకి పోయెడిది. డప్పు మ్రోగినంతసేపు అచటనుండి దిగెడిది కాదు.