పడవ ఒడ్డెక్కే రుతువు

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతా మరపడవలకు వేట నిషేధం. ఆ 61 రోజులూ చేపల బజారు బోసిపోతుంది గానీ, గోదావరి పాయల అంచున మరో పని ఊపందుకుంటుంది. అంతర్వేది పల్లిపాలెం, బలుసుతిప్ప, భైరవపాలెం, గౌతమి దాటితే తాళ్లరేవు, కోరంగి... ఎక్కడ చూసినా పడవలు ఒడ్డున ఒరిగి ఉంటాయి. సుత్తి చప్పుడు, రంపపు పొట్టు, కాగుతున్న గుగ్గిలం వాసన. కోనసీమ అంటే కొబ్బరి తోటలూ కాలువగట్లూ అనుకుని వచ్చేవాళ్లకు ఈ అంచు కనపడదు. బోర్డులుండవు, గేట్లుండవు. మడచెట్ల మధ్య బురద నేల, దాని మీద తాటాకు పందిరి, పందిరి కింద బాడిస పట్టుకున్న వడ్రంగి. మన దగ్గర ఓడల కార్ఖానా అంటే అదే.

అమలాపురం నుంచి 216వ నంబరు జాతీయ రహదారి మీద ముమ్మిడివరం దాటి ఎదుర్లంక దగ్గర బాలయోగి వారధి ఎక్కితే యానాం, ఆ వెంటనే తాళ్లరేవు. కొత్త లెక్కల ప్రకారం తాళ్లరేవు కాకినాడ జిల్లాలోది. జిల్లాల గీతలు పడవ పనికి పట్టవు. గౌతమికి ఆ ఒడ్డున కట్టిన నావ ఈ ఒడ్డున వేటకు పోతుంది, ఈ ఒడ్డున పగిలింది ఆ ఒడ్డున బాగవుతుంది. పడమట వశిష్ఠ దగ్గరా అంతే. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే అవతల నరసాపురం. అటు నరసాపురం, ఇటు కోరంగి, మధ్యన కోనసీమ. ఈ రెండు ఏటిమూతుల్లోనూ కొన్ని వందల ఏళ్లుగా సముద్రం మీద తిరిగే ఓడలను కట్టారు, బాగుచేశారు.

ఇది గొప్పకు చెప్పుకునే మాట కాదు, రాతలో ఉన్నదే. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వారి ‘గ్లోబ్’ ఓడ 1611లో మచిలీపట్నం వచ్చింది. సయాం వైపు వ్యాపారం ముగించుకుని తిరిగొచ్చాక 1614లో దాన్ని మరమ్మతుకు నరసాపురం ఏట్లోకి తెచ్చారు. 1670ల్లో ఈ తీరంలో తిరిగిన థామస్ బౌరీ అనే వర్తకుడు, నరసాపురం పక్కన మంచి కలప, ఇనుము, పనితనం తెలిసిన వడ్రంగులు ఉన్నారని, అందుకే ఇంగ్లీషు వాళ్లు ఓడలు ఇక్కడ కట్టించుకుంటున్నారని రాసిపెట్టాడు. నరసాపురాన్ని ఆనుకున్న మాధవాయిపాలెంలో కంపెనీ కొట్టు ఉండేది. అక్కడి బట్ట ఐరోపాలో ‘మడపొల్లం’గా అమ్ముడుపోయింది. బట్ట పేరు నిఘంటువులకెక్కింది గానీ, ఆ బట్టను మోసిన ఓడను చెక్కినవాడి పేరు ఎక్కడా లేదు.

కోరంగి కథ ఇంకా బరువైనది. 19వ శతాబ్దం మొదట్లో పెద్ద ఓడలను లోపలికి తెచ్చి అడుగు బాగుచేయగల రేవుగా దానికి పేరు. బర్మాకు కూలికి పోయిన తెలుగువాళ్లు ఈ రేవు నుంచే ఓడ ఎక్కడంతో అక్కడ వాళ్లందరికీ ‘కొరంగీలు’ అనే పేరు పడింది. రంగూను రేవులో సరుకు మోసింది ఎక్కువగా వాళ్లే. 1930 మే నెలలో వాళ్లు సమ్మె చేస్తే యజమానులు బర్మీయులను పనిలో పెట్టుకున్నారు. సమ్మె ముగిశాక ఆ బర్మీయులను తీసేయడంతో మే 26న అల్లర్లు చెలరేగాయి. అప్పటికే కోరంగి రేవు చచ్చిపోయి చాలా కాలమైంది. 1789 డిసెంబరు ఉప్పెన ఊరిని తుడిచిపెట్టింది, 1839 నవంబరు 25 తుఫాను మళ్లీ ముంచింది, మిగిలినదాన్ని ఒండ్రు పూడ్చింది. వ్యాపారం కాకినాడకు తరలింది. పెద్ద ఓడలు రావడం మానేసినా వడ్రంగం చావలేదు. పాయలో నీళ్లున్నంత కాలం నావలు ఉంటాయి, నావలున్నంత కాలం వాటికి కంతలు పడుతూనే ఉంటాయి.

ఏటిమూతే ఎందుకు? సముద్రపు ఒడ్డున ఎందుకు కాదు? మొదటి కారణం కలప. భద్రాచలం ఎగువ అడవుల టేకు, వెదురు తెప్పలుగా కట్టి గోదావరిలో వదిలితే రాజమండ్రి దాకా ఏరే మోసుకొచ్చేది. రెండో కారణం పురుగు. చెక్క ఓడకు తుఫాను కన్నా పెద్ద శత్రువు ఉప్పునీటిలో బతికే ఒక తొలిచే జీవి. చూడటానికి పురుగులా ఉంటుంది గానీ నిజానికి ఆల్చిప్పల జాతిది. బయటకు సూదిమొన అంత కంత, లోపల చెక్కంతా గుల్ల. దానికి మంచినీరు పడదు. గోదావరికి ఎర్రనీరు వచ్చే నెలల్లో పాయల్లో ఉప్పు విరిగిపోతుంది, అప్పుడు లోపలికి తెచ్చి కట్టేసిన నావలో పురుగు దానంతట అదే చస్తుంది. ఈ రహస్యం ఏ పుస్తకమూ చదవకుండానే ఒడ్డున ఉన్నవాడికి తెలుసు. మిగతా రోజుల్లో నావను ఒరగబెట్టి, అడుగున తాటాకో గడ్డో మంటపెట్టి చుట్టూ సెగ తగిలిస్తారు. చెక్క మాడకూడదు, పురుగు మాత్రం చావాలి. సెగ ఎంతసేపన్నది గడియారం చెప్పదు, చెక్క రంగు చెబుతుంది.

మూడో కారణం ఆటుపోట్లు. ఇక్కడ క్రేను లేదు, రేవుకు తలుపుల్లేవు. అమావాస్యకో పౌర్ణమికో వచ్చే పెద్ద పోటు మీద నావను ఎంత పైకి వస్తే అంత పైకి తోసుకుపోతారు. పాటుతో నీరు దిగిపోగానే అడుగున దుంగలు పెట్టి నిలబెడతారు. చేయాల్సిన పనంతా మళ్లీ పెద్ద పోటు వచ్చేలోగా, అంటే పదిహేను రోజుల్లోగా పూర్తి కావాలి. లేకపోతే ఇంకో పక్షం ఆగాలి. కార్ఖానా క్యాలెండరు పంచాంగమే.

ఒడ్డెక్కిన నావకు మొదటి పని గుల్లలు గీకడం. తర్వాత మేస్త్రీ సుత్తి తీసుకుని అణియం నుంచి అమరం దాకా ప్రతి పలకనూ తడుతూ పోతాడు. గట్టి చెక్క ఖంగుమంటుంది, పుచ్చింది బద్దకంగా పలుకుతుంది. పుచ్చిన చోట సుద్దముక్కతో గీత పడుతుంది. ఆ గీతల లెక్క మీదే బేరం. పలక మార్చడం కొత్తది కట్టడం కన్నా కష్టం, ఎందుకంటే పాత నావ ఒంపును కొత్త చెక్క ఒప్పుకోవాలి. తడిపిన పలకను సన్నటి సెగ మీద ఉంచి, బరువు వేసి, కొంచెం కొంచెంగా వంచుతారు. లోపలి అడ్డకర్రలకు మాత్రం వంచిన చెక్క పనికిరాదు, పుట్టుకతో వంకర తిరిగిన కొమ్మ కావాలి. అందుకే నల్లతుమ్మకు గిరాకీ. నిట్టనిలువుగా పెరిగిన చెట్టును ఇల్లు కట్టేవాడు వెతుక్కుంటాడు, వంకరగా పెరిగినదాన్ని పడవ మేస్త్రీ. నావ కట్టేవాడు అడితికి పోతే కొలత టేపు కన్నా ముందు కళ్లు పని చేస్తాయి. ఏ కొమ్మలో ఏ అడ్డకర్ర దాగుందో అక్కడే తేలిపోతుంది.

పలకకు పలకకు మధ్య సందు పూడ్చటమే అన్నింటికన్నా ఓపిక కావాల్సిన పని. మొండి ఉలితో పాత దట్టింపు తవ్వి తీసి, నూనెలో తడిపిన నూలును పేనుకుంటూ సందులోకి దట్టిస్తారు. వదులైతే నీరు కారుతుంది. మరీ బిగిస్తే ఇంకా ప్రమాదం. చెక్క నీళ్లలో ఉబ్బినప్పుడు ఆ ఒత్తిడికి మేకులే ఊడి వస్తాయి. ఎంత కొట్టాలన్నది చేతికీ చెవికీ మధ్య ఒప్పందం. దట్టింపు నిండాక ఉలి మోత మారుతుంది, అక్కడ ఆగాలి. దాని మీద గుగ్గిలం, నూనె కలిపి కాచిన ముద్ద. అడుగు భాగానికి సున్నం, నూనె నూరిన పూత. ఐరోపా వాళ్లు 18వ శతాబ్దం చివర్లో ఓడ అడుగుకు రాగిరేకు తొడగడం మొదలుపెట్టారు. రాగి కొనలేని ఏటిమూతి నావకు ఈ పూతే కవచం.

మేకే లేని నావ కూడా ఈ తీరానిదే. తూర్పు తీరంలో అలల మీదుగా ఒడ్డుకు రావాల్సిన చోట్ల ఒకప్పుడు మసూలా పడవలు తిరిగేవి. వీటిలో పలకల అంచుల వెంట కంతలు పెట్టి, సందు మీద గడ్డో పీచో వత్తుగా పరిచి, కొబ్బరితాడుతో బొంత కుట్టినట్టు కుట్టేస్తారు. లోపల అడ్డకర్రలు ఉండవు. అల గుద్దితే మేకు కొట్టిన పడవ చీలుతుంది, కుట్టిన పడవ ఒంగి సర్దుకుంటుంది. తాడు చీకితే కుట్టు విప్పి మళ్లీ కుట్టుకోవచ్చు, పలక మాత్రం అదే. కొబ్బరిపీచు ఉప్పునీటికి తొందరగా చివకదు, అందులో లిగ్నిన్ పాలు ఎక్కువ. అంబాజీపేట బజారులో పీచు ధర గురించి మాట్లాడుకునే మనకు, పరుపుల్లోకీ పట్టాల్లోకీ పోయే ఆ పీచు ఒకప్పుడు సముద్రం మీద ప్రాణాలు పట్టి ఉంచిన దారం అన్న సంగతి ఇప్పుడు తట్టదు.

2025 మే నెలలో కార్వార్‌లో భారత నౌకాదళం ‘కౌండిన్య’ అనే కుట్టు ఓడను చేర్చుకుంది. కేరళ పనివాళ్లు కొబ్బరితాడుతో కుట్టారు. డిసెంబరు 29న పోర్‌బందర్ నుంచి తెరచాపలెత్తి మస్కట్‌కు బయల్దేరి జనవరిలో చేరింది. సంతోషమే. కానీ దాన్ని కట్టడానికి వాళ్ల చేతిలో ఉన్న ఆధారం అజంతా గోడ మీది ఒక బొమ్మ. కొలతలు లేవు, పటం లేదు, కట్టినవాళ్ల మాట లేదు. నౌకాశాస్త్రం చదివినవాళ్లు కూర్చుని ఊహించుకోవాల్సి వచ్చింది. మన దగ్గర ఆ దుస్థితి ఇంకా రాలేదు. మూర, జాన, బెత్తెడుతో ఇప్పటికీ నావ గీయగల చేతులు కళ్లెదుటే ఉన్నాయి. కాగితం మీదికి ఎవరూ ఎక్కించడం లేదు, అంతే.

కొరియాలో బుసాన్ నగరంలో యోంగ్డో అనే దీవి ఉంది. అక్కడ డెప్యోంగ్ డాంగ్ అనే పేటలో ఓడల మరమ్మతు కొట్లు వరుసగా ఉంటాయి. ఆ పేటను జనం ‘కాంగ్‌కాంగి’ ఊరు అంటారు, ఓడ పొట్టకు పట్టిన తుప్పునూ గుల్లలనూ సుత్తితో కొట్టే చప్పుడది. తాళ్లకు వేలాడుతూ ఆ పని చేసింది ఎక్కువగా ఆడవాళ్లు. ఇప్పుడు ఆ పేటలో వాళ్ల చిత్రాలు గోడల మీదున్నాయి, చిన్న మ్యూజియం ఉంది, చూడటానికి జనం వస్తారు. కొట్లు మూతపడలేదు, మరమ్మతులూ సాగుతున్నాయి. పని జరుగుతుండగానే దాన్ని చూడదగ్గదిగా నిలబెట్టడం నాకు నచ్చిన సంగతి. మనం దానికి సరిగ్గా తిరగేసి చేశాం. దిండిలో కేరళ తరహా హౌస్‌బోట్లు తెచ్చి తిప్పుతున్నాం. ధాన్యం, కొబ్బరికాయలు వేసుకుని లాకులు దాటుతూ, గట్టు మీద మనుషులు తాడు పట్టి లాగగా మన కాలువల్లో పోయిన గూడుపడవ మాత్రం ఒక్కటైనా బాగుచేసి నీళ్లలో పెట్టింది లేదు.

ఫైబరు పడవ మీద నాకు పగ లేదు. 1980ల నుంచి వస్తున్నా, 2004 సునామీ తర్వాత అది తీరమంతా పరుచుకుంది. తేలిక, పురుగు పట్టదు, ఏటేటా గుగ్గిలం అక్కర్లేదు. టేకు దుంగ ధర తెలిసినవాడు ఎవడూ మత్స్యకారుణ్ణి తప్పుపట్టడు. కానీ లెక్క ఒక వైపే వేస్తున్నాం. చెక్క నావలో ఒక పలక పోతే పలకే మారుతుంది. ఇరవై ఏళ్ల నావలో పుట్టినప్పటి చెక్క సగమే మిగిలి ఉండొచ్చు, అయినా అది అదే నావ, అదే యజమాని, అదే మేస్త్రీ. ఆఖరుకు విప్పేస్తే మేకులు ఏరుకోవచ్చు, చెక్క పొయ్యిలోకి వస్తుంది. ఫైబరు పగిలితే అతుకు వేయొచ్చు గానీ, పనికిరాకుండా పోయాక దాన్ని ఏం చేయాలో ఎవరికీ తెలియదు. పాలేల ఒడ్డున బోర్లా పడి ఉన్న డొల్లలు అవే.

అంతకన్నా పెద్ద నష్టం నేర్చుకునేవాడిది. కొత్త నావ ఎప్పుడో గాని కట్టరు, కాబట్టి కుర్రవాడు పని నేర్చుకునేది మరమ్మతులోనే. గుల్లలు గీకడంతో మొదలుపెట్టి, నూలు పేని, సందు దట్టించి, పలక పట్టుకుని, చివరికి సుత్తితో తట్టి రోగం చెప్పే దాకా ఎక్కే మెట్లు అవే. మరమ్మతు తగ్గితే ఆ మెట్లే విరుగుతాయి. పెద్ద మేస్త్రీ ఉండగా కింద కుర్రవాళ్లు లేని పందిళ్లు ఇప్పటికే కనబడుతున్నాయి. ఆ కుర్రవాళ్లు గల్ఫులోనో, ఇంటి తలుపులూ కిటికీలూ చేసే కార్ఖానాల్లోనో ఉన్నారు. అక్కడ కూలి ఏడాది పొడవునా దొరుకుతుంది. ఇక్కడి పని నిషేధం నెలల్లో కాస్త పుంజుకుని మళ్లీ పలచబడుతుంది. కాబట్టి వాళ్లను రమ్మనడానికి మాటలు చాలవు, పనే దొరకాలి.

చేయగలిగినవి పెద్దవేమీ కావు. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఉంది, ఆనకట్ట నమూనాలు, ఆనాటి యంత్రాలు పెట్టారు. అదే కాటన్ కాలువల మీద తిరిగిన గూడుపడవ ఒకటి పూర్తి కొలతతో అక్కడ కట్టించాలి. అదీ తెచ్చి పెట్టడం కాదు, చూసేవాళ్ల ఎదుటే మేస్త్రీ చేత, కింద నలుగురు కుర్రవాళ్లకు కూలి ఇచ్చి. కట్టేటప్పుడు ప్రతి ఒంపునూ ఇంజనీరింగు విద్యార్థులు పటం గీయాలి, మేస్త్రీ మాటను రికార్డు చేయాలి. నల్లతుమ్మ కొమ్మలు కోనసీమ గట్ల మీదే దొరుకుతాయి, పీచుకు అంబాజీపేట ఉంది. టేకు దుంగలకే డబ్బు వెతకాలి.